ప్రణాళికలు ఘనం - చదువులు అంతంతమాత్రం
తల్లిదండ్రుల కమిటీల చేతిలోనే బడి భవిష్యత్తు

జిల్లాలోని ప్రతి ప్రభుత్వ పాఠశాలకూ ఒక అభివృద్ధి ప్రణాళిక వుండి తీరాలని చట్టం చెబుతున్నది. దానిని తయారు చేయవలసింది మండల విద్యాధికారి కాదు, జిల్లా కార్యాలయమూ కాదు. ఆ బడిలో చదివే పిల్లల తల్లిదండ్రులు సభ్యులుగా వున్న కమిటీయే తయారు చేయాలి. ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు ఊరికి ఎందరున్నారో లెక్క తీయడం పెద్ద కష్టమైన పని కాదు. కమిటీలో సభ్యులుగా వున్నవారిలో సైతం, తాము సంతకం చేసిన కాగితంలో ఏమున్నదో చెప్పగలిగేవారు బహు కొద్దిమందే కనిపిస్తారు.

2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యా హక్కు చట్టం 21వ సెక్షను ప్రతి ప్రభుత్వ పాఠశాలకూ యాజమాన్య కమిటీ వుండాలన్నది. సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో, సంరక్షకులో కావాలి. మొత్తం మీద సగం మంది స్త్రీలు వుండాలి. బడి ఎలా నడుస్తున్నదో చూడడం, ప్రణాళిక తయారు చేయడం, వచ్చిన సొమ్ము ఎలా ఖర్చయిందో పరిశీలించడం - ఈ మూడూ కమిటీ విధులు. 22వ సెక్షను మరో అడుగు ముందుకు వేసి, ఈ కమిటీ తయారు చేసిన ప్రణాళికే ప్రభుత్వం మంజూరు చేసే గ్రాంట్లకు ఆధారం కావాలన్నది. అంటే ఊళ్లో కూర్చుని రాసిన కాగితం పైకి వెళ్లాలి గాని, పైన అచ్చువేసిన ఫారం కిందికి వచ్చి సంతకాలు చేయించుకుని పోవడం చట్టం ఉద్దేశం కాదు. ఆచరణలో జరుగుతున్నది చాలాచోట్ల ఈ రెండోదే కావడం విచారకరం.

కేంద్ర ప్రభుత్వం 2010లో చేసిన నియమావళి ప్రకారం ఇది మూడేళ్ల ప్రణాళిక. అందులో ఏ ఏటికి ఆ ఏడు విడివిడిగా రాయాలి. ఏ తరగతిలో ఎందరు పిల్లలు చేరబోతున్నారు, ఇంకా ఎందరు ఉపాధ్యాయులు కావాలి, గదులూ సామగ్రీ ఏమి అవసరం, అందుకు అదనంగా ఎంత సొమ్ము పడుతుంది అనే నాలుగు విషయాలు అందులో వుండాలి. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా అది స్థానిక అధికారులకు చేరాలి.

మూడో పంతులు ముగ్గురు పిల్లల దూరం

ఈ నాలుగింటిలోనూ మొదటిదాన్నే అందరూ తేలికగా తీసుకుంటున్నారు. నిజానికి మిగతావన్నీ దానిమీదే ఆధారపడి వున్నాయి. ఉదాహరణకు ఒక ప్రాథమిక పాఠశాలలో 58 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు వున్నారనుకుందాం. ఈ ఏడు అయిదో తరగతి ముగించి వెళ్లేవారు 14 మంది. అంగన్‌వాడీ రిజిస్టరు తిరగేస్తే వచ్చే జూన్‌కు ఒకటో తరగతి వయసు వచ్చే పిల్లలు 17 మంది కనిపించారు. అందరూ ఊరి బడిలోనే చేరితే సంఖ్య 61 అవుతుంది. చట్టంలోని పట్టిక ప్రకారం 60 మంది వరకు ఇద్దరు ఉపాధ్యాయులు, 61 నుంచి 90 వరకు ముగ్గురు. కాబట్టి మూడో పంతులు కోసం అడిగే హక్కు ఆ ఊరికి వస్తుంది. ఆ 17 మందిలో ముగ్గురు పసుపు రంగు బస్సెక్కి పట్నం పోతే సంఖ్య మళ్లీ 58 దగ్గరే ఆగుతుంది.

మూడో పంతులు వస్తే ఏమిటి లాభం అన్నది కూడా లెక్కవేసి చూడవలసిందే. ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన జరగాలని చట్టం నిర్దేశించింది. సగటున రోజుకు నాలుగు గంటలు. అయిదు తరగతులను ఇద్దరు పంచుకుంటే ఒక్కొక్క తరగతికి పంతులు నేరుగా చెప్పే సమయం గంటా 36 నిమిషాలు. ముగ్గురుంటే అది రెండు గంటల 24 నిమిషాలవుతుంది. ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టిన రోజున 48 నిమిషాలే. మిగిలిన సమయమంతా పిల్లలు ఎక్కాలు వల్లిస్తూనో, పక్క తరగతి పాఠం వింటూనో, కిటికీలోంచి బయటికి చూస్తూనో గడపవలసిందే. ఇంట్లో పిల్లవాడికి చదువు రావడం లేదని పంతులును నిందించే ముందు తల్లిదండ్రులు ఈ నిమిషాల లెక్క ఒకసారి చూసుకోవడం న్యాయం.

రాష్ట్రంలో పాఠశాలల అమరిక ఎప్పటికప్పుడు మారుతూ వస్తున్నది. 2022లో మూడు, నాలుగు, అయిదు తరగతులను అనేకచోట్ల హైస్కూళ్లకు కలిపారు. 2025లో ఆ ఏర్పాటును రద్దుచేసి, తరగతికి ఒక ఉపాధ్యాయుడు వుండే మోడల్ ప్రైమరీ పాఠశాలలతో సహా కొత్త వర్గీకరణ తెచ్చారు. ఏ ప్రభుత్వం ఏ ఉత్తర్వు ఇచ్చినా, ఉపాధ్యాయ పోస్టుల సర్దుబాటు లెక్క మొదలయ్యేది పిల్లల సంఖ్య దగ్గరే. మూడేళ్ల ముందుచూపుతో పిల్లల పేర్లతో సహా లెక్క రాసుకున్న ఊరు ఆ సమయంలో అధికారుల ముందు కాగితం పెట్టి మాట్లాడగలుగుతుంది. రాసుకోని ఊరు లారీ ఎక్కి జిల్లా కేంద్రానికి ధర్నాకు పోవలసి వస్తుంది.

సొమ్ము విషయానికి వస్తే, సమగ్ర శిక్ష మార్గదర్శకాల ప్రకారం 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 10 వేల రూపాయలు, 31 నుంచి 100 మంది వరకు వుంటే 25 వేల రూపాయల దాకా పాఠశాల గ్రాంటు వుంటుంది. అందులో కనీసం పదో వంతు పారిశుధ్యానికి వెచ్చించాలి. సుద్దముక్కల నుంచి కరెంటు బల్బు దాకా ఇందులోనే సరిపెట్టుకోవాలి. ఇంత కొద్ది సొమ్ముకు ప్రణాళిక ఎందుకని అనేవారున్నారు. కొద్ది సొమ్మే కనుకనే దేనికి ముందు, దేనికి తర్వాత అన్నది తేల్చుకోవాలి.

మార్కులు వేసుకున్నా మారని బడులు

ప్రణాళిక ఒక ఎత్తయితే, బడి బాగున్నదో లేదో తేల్చడం మరో ఎత్తు. దీనికోసం 2015 నవంబరులో కేంద్ర ప్రభుత్వం 'శాలా సిద్ధి' అనే కార్యక్రమం ప్రారంభించింది. వసతులు, బోధన, పిల్లల ప్రగతి, ఉపాధ్యాయుల పనితీరు, నాయకత్వం, ఆరోగ్య భద్రత, ప్రజల భాగస్వామ్యం అనే ఏడు రంగాలలో ప్రతి పాఠశాలా తనకు తానే మూడు స్థాయిలలో మార్కులు వేసుకోవాలి. ఆ మార్కుల మీద అభివృద్ధి ప్రణాళిక రాసుకోవాలి. బయటి బృందాలు వచ్చి పరిశీలించే ఏర్పాటు కూడా అందులో వుంది. చూడడానికి ఇంతకంటే పద్ధతైన ఏర్పాటు వుండదు.

అయితే ఇటువంటి ఏర్పాటునే అంతకుముందు మధ్యప్రదేశ్‌లో అమలు చేసినప్పుడు, కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్ అనే ఆర్థికవేత్తలు చీటీలు తీసినట్టుగా ఎంపిక చేసిన 1,774 పాఠశాలల్లో దాని ఫలితాన్ని పరిశీలించారు. ఫారాలు దాదాపు అన్నిచోట్లా నింపారు. వేసిన మార్కులు కూడా అబద్ధం కావు, మంచి బడికి మంచి మార్కు, చెడ్డ బడికి తక్కువ మార్కే పడింది. ప్రతి బడికీ ప్రణాళిక తయారయింది. ఇంత జరిగినా ఉపాధ్యాయుల హాజరులో గాని, బోధనలో గాని, పిల్లల చదువులో గాని మార్పు ఏమీ లేదని తేలింది. విశేషమేమిటంటే కార్యక్రమం జయప్రదమైందనే పేరు మాత్రం వచ్చింది. ఆ పేరుతోనే దేశంలో ఆరు లక్షలకు పైగా పాఠశాలలకు విస్తరించింది.

కారణం వెదకడానికి ఎక్కడికో పోనక్కరలేదు. ఫారం నింపడమే పని అయిపోయింది. నింపిన తర్వాత ఏమైందని అడిగేవారు లేరు. అడిగినా బదులు చెప్పవలసిన బాధ్యత ఎవరిమీదా లేదు. తెల్లవారితే ఫోన్లలో హాజరు, భోజనం ఫొటో పంపడంలోనే మొదటి పీరియడు గడిచిపోతున్నదని వాపోయే ఉపాధ్యాయులకు మరొక ఫారం తోడైతే వారు దానిని కూడా అలాగే పంపుతారు. వారిని తప్పు పట్టి లాభం లేదు.

మన పల్లెల్లోనే జరిగిన పరీక్ష

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి కొన్నేళ్లపాటు అయిదు జిల్లాల పల్లెల్లో రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి జరిపించిన పరిశీలనలు ఈ సందర్భంలో గుర్తు చేసుకోదగినవి. దేశదేశాల విశ్వవిద్యాలయాల్లో వాటిని పాఠాలుగా చెబుతున్నారు గాని, అవి జరిగిన పల్లెల్లో మాత్రం ఆ సంగతి తెలిసినవారు అరుదు.

ఒక వంద పాఠశాలల్లో పిల్లలకు పరీక్ష పెట్టి, ఏ పిల్లవాడు దేనిలో వెనుకబడి వున్నాడో వివరంగా రాసి ఉపాధ్యాయులకు ఇచ్చారు. అప్పుడప్పుడు మనుషులు వచ్చి తరగతులు చూసి పోయారు. చూస్తున్నంతసేపూ పాఠాలు చురుకుగా సాగాయి. ఏడాది చివర పరీక్ష పెడితే మిగతా బడుల పిల్లలకూ వీరికీ తేడా లేదు.

మరికొన్ని బడుల్లో పిల్లల మార్కులు ఎంత పెరిగితే అంత బోనసు ఉపాధ్యాయులకు ఇస్తామన్నారు. ఆ సొమ్ము పెద్దదేమీ కాదు, సగటున ఏడాది జీతంలో నూటికి మూడు వంతులు. రెండేళ్లలో ఆ పిల్లలు లెక్కల్లోనూ, భాషలోనూ స్పష్టంగా ముందుకు వచ్చారు. బోనసుతో సంబంధం లేని సైన్సు, సాంఘిక శాస్త్రాల్లో కూడా మెరుగయ్యారు. ఉపాధ్యాయుల సెలవులు తగ్గలేదు. కాని వచ్చిన రోజున ఇంటిపని ఎక్కువ ఇచ్చారు, బడివేళల తర్వాత కూర్చోబెట్టి చెప్పారు, పరీక్షలు రాయించారు. పంతులు బడికి వచ్చాడా లేదా అన్నదొక్కటే చూసి సంతృప్తిపడే గ్రామ పెద్దలు ఇక్కడ ఆలోచించవలసినది ఎంతైనా వుంది. 2003లో దేశవ్యాప్తంగా ముందు చెప్పకుండా పాఠశాలలకు వెళ్లి చూసినప్పుడు కూడా నలుగురు ఉపాధ్యాయుల్లో ఒకరు బడిలో లేరు, పాఠం చెబుతూ కనిపించినవారు సగం మందే. ఈ రోజు ఫోన్లో ముఖం చూపించి హాజరు వేస్తున్నారు. ఫోను ముఖాన్ని గుర్తుపట్టగలదే గాని పాఠాన్ని గుర్తుపట్టలేదు.

గ్రాంట్ల సంగతి మరీ విచిత్రం. అనుకోకుండా బడికి గ్రాంటు వచ్చిన ఏడాది పిల్లల మార్కులు పెరిగాయి. వస్తుందని ముందే తెలిసిన ఏడాది పెరగలేదు. ఎందుకంటే నోటు పుస్తకాలూ, పెన్సిళ్లూ బడిలో ఇస్తారని తెలిసి ఇంట్లో ఆ ఖర్చు మానుకున్నారు. ఇది తప్పని అనడానికి లేదు. సంసారం గడవడం కష్టమైనప్పుడు ఎవరైనా అదే చేస్తారు. బడికి ఇచ్చిన ప్రతి రూపాయీ చదువుగా మారుతుందనుకోవడం మాత్రం పొరపాటు.

కమిటీలకు చేతకాదా?

తల్లిదండ్రులకు అక్షరజ్ఞానం లేదు, వారేమి చూస్తారని పెదవి విరిచే అధికారులు లేకపోలేదు. ఈ మాట నిలబడదు. 2019 నవంబరు 14న ఒంగోలులో ప్రారంభమైన 'మన బడి నాడు-నేడు' తొలి దశలో 15 వేలకు పైగా పాఠశాలల మరమ్మతు పనులు నడిచింది తల్లిదండ్రుల కమిటీల ద్వారానే. సిమెంటు బస్తాలు లెక్కబెట్టారు, ఇసుక చూసుకున్నారు, మేస్త్రీలతో బేరమాడారు, బిల్లులు దాచారు. ఎక్కడా లోపాలు లేవని కాదు. పనులు సగంలో ఆగిన బడులూ వున్నాయి. అయినా ఫ్యాను తిరుగుతున్నదా, పంపులో నీళ్లు వస్తున్నాయా అన్నది చూడడానికి పెద్ద చదువు అక్కరలేదని రుజువైంది. అదే కమిటీని పిలిచి, పిల్లలు చదవగలుగుతున్నారా లేదా చూడండని మాత్రం ఎవరూ గట్టిగా అడగలేదు.

అది చూడడానికి కూడా పెద్ద చదువు అక్కరలేదు. 2005 నుంచి 'ప్రథమ్' సంస్థ 'అసర్' పేరుతో దేశమంతటా పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి చేస్తున్న పరీక్ష ఒకే ఒక్క కాగితం మీద వుంటుంది. పైన కొన్ని అక్షరాలు, తర్వాత కొన్ని మాటలు, ఆ తర్వాత ఒకటో తరగతి స్థాయి నాలుగు వాక్యాలు, చివర రెండో తరగతి స్థాయి చిన్న కథ. పిల్లవాడు ఎక్కడ ఆగిపోతే అది అతని స్థాయి. 2024లో దేశంలోని గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల్లో మూడో తరగతి చదువుతున్నవారిలో రెండో తరగతి కథ చదవగలిగినవారు నూటికి 23 మంది మాత్రమే. కరోనా తర్వాత 2022లో అది 16కు పడిపోయి, మళ్లీ కొంత లేచింది. మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లవాడూ చదవడం, లెక్కించడం నేర్చి వుండాలన్నది 2021లో మొదలైన నిపుణ్ భారత్ లక్ష్యం. దానికి పెట్టుకున్న గడువు 2026-27 విద్యా సంవత్సరం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో 2005-06 ప్రాంతంలో గ్రామస్తులకు విద్యా కమిటీల అధికారాలు వివరించారు. కొన్ని ఊళ్లలో అచ్చంగా ఇలాంటి పరీక్షే గ్రామస్తుల చేత పెట్టించి, ఊరి పిల్లల చదువు పట్టిక తయారు చేయించారు. సభలు జరిగాయి. బడుల్లో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అదే జిల్లాలో ఊరి యువకులకు చదవడం నేర్పే పద్ధతి నాలుగు రోజులు చూపించి, సాయంత్రం పూట తరగతులు పెట్టించినచోట, హాజరైన పిల్లలకు చదవడం వచ్చింది. తెలిసినంత మాత్రాన సరిపోదు, తెలిసిన తర్వాత ఎవరు ఏ పని చేయాలో ముందే తేల్చుకోవాలన్నది దీనివల్ల తేటతెల్లమవుతున్నది.

కనుక ప్రణాళికలో ప్రహరీగోడ, షెడ్డు, వాటరు ట్యాంకు రాసే పేజీతో పాటు మరో పేజీ చేరాలి. రెండో తరగతి దాటిన ప్రతి పిల్లవాడి పేరు, జూన్‌లో ఎక్కడ వున్నాడు - అక్షరమా, మాటా, వాక్యమా, కథా - అన్నది రాయాలి. డిసెంబరులో ఎక్కడికి రావాలో, అందుకు ఎవరు ఏమి చేస్తారో ఆ పేరు పక్కనే రాయాలి. రోజూ ఒక గంట వెనుకబడిన పిల్లలను తరగతితో నిమిత్తం లేకుండా ఒకచోట కూర్చోబెట్టడం ఉపాధ్యాయుడి వంతు. సాయంత్రం గంటసేపు చెప్పగల ఇంటరు, డిగ్రీ పిల్లలను వెదకడం కమిటీ వంతు. కోతల రోజుల్లో, మిరపకాయల సీజనులో పిల్లలను చేనికి తీసుకుపోకుండా చూడడం తల్లిదండ్రుల వంతు. ఈ మూడో వంతు గురించి సభల్లో ఎవరూ ఎత్తడం లేదు. నెలలో ఆరేడు రోజులు బడి ఎగవేసే పిల్లవాడికి ఏ ప్రణాళికా చదువు చెప్పలేదు.

కమిటీ నెలకు ఒకసారైనా సమావేశం కావాలని, జరిగిన చర్చ రాసిపెట్టి ఊరివారెవరు అడిగినా చూపాలని కేంద్ర నియమావళి చెబుతున్నది. 2024 డిసెంబరు 7న, 2025 జూలై 10న రాష్ట్రమంతటా తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల మెగా సమావేశాలు జరిగాయి. ముగ్గులు, ఆటల పోటీలు, భోజనాలతో అవి పండుగలా నడిచాయి. పండుగ మంచిదే. అటువంటి రోజున పిల్లవాడి మార్కుల కార్డు చేతికి ఇచ్చి పంపే బదులు, తల్లి ఎదుటనే ఆ పిల్లవాడి చేత నాలుగు వాక్యాలు చదివిస్తే పది నిమిషాల్లో అసలు సంగతి తెలిసిపోతుంది. చదువురాని తల్లికి సైతం, పిల్లవాడు గడగడా చదువుతున్నాడో తడబడుతున్నాడో వినగానే తెలుస్తుంది.

ప్రైవేటు బడికీ ఇదే కొలత

ఊరి బడి మీద నమ్మకం పోయి అప్పుచేసి ఫీజులు కట్టేవారు ఒక్క విషయం గమనించాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2008 నుంచి 180 గ్రామాల్లో పేద పిల్లలను చీటీలు తీసి కొందరిని ప్రైవేటు బడులకు పంపి నాలుగేళ్ల తర్వాత పరీక్షించారు. తెలుగులో, లెక్కల్లో వారికీ ప్రభుత్వ బడి పిల్లలకూ తేడా కనబడలేదు. హిందీ మాత్రం వారికి బాగా వచ్చింది. మరోవైపు ఒక్కో పిల్లవాడి మీద ప్రైవేటు బడి పెట్టిన ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతుకన్నా తక్కువ. ఇందులో ఇద్దరికీ చురక వుంది. ప్రభుత్వం అంత ఖర్చుపెట్టి అంతే ఫలితం తెస్తున్నది. ప్రైవేటు బడి టై కట్టించి, బస్సు ఎక్కించి అంతే చదువు చెబుతున్నది. ఆ ఒక్క కాగితం పరీక్ష బస్సెక్కే పిల్లవాడికి కూడా ఇంట్లో పెట్టి చూడవచ్చు.

బడిలో ఉపాధ్యాయుల కొరత, బోధన సాగకపోవడం వంటి ఫిర్యాదులున్నప్పుడు ఏమి చేయాలో కమిటీలకు ఎవరూ చెప్పడం లేదు. విద్యా హక్కు చట్టం 32వ సెక్షను ప్రకారం బిడ్డ హక్కుకు భంగం కలిగిందని ఎవరైనా స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. కమిటీ సభ్యులే కానక్కరలేదు. దానిని మూడు నెలల్లోగా తేల్చాలి. తేల్చిన తీరు నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. నోటిమాటతో చెప్పి వచ్చిన ఫిర్యాదుకు ఈ గడువు వర్తించదు గనుక, కాగితం రెండు ప్రతులు రాసి, ఒకదానిమీద అందినట్టు తేదీతో సంతకం, ముద్ర వేయించుకుని దగ్గర వుంచుకోవాలి. కమిటీ తీర్మానం నకలు, పిల్లల పేర్ల పట్టిక దానికి జతచేస్తే ఫిర్యాదుకు మరింత బలం చేకూరుతుంది.